జమ్మిచెట్ల ఊళ్ళో మనవరాలు

శనివారం

కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ముక్కనుమ నాడు బయల్దేరాం. విజయనగరం స్టేషనుకి వెళ్తూ వనంగుడి దగ్గర ఆటో ఆపించి పైడితల్లమ్మకి దండం పెట్టుకున్నాం. "ఎక్కడో ఇసకలో పుట్టింది మా బిడ్డ, నువ్వే చూసుకో తల్లీ" అన్నాను. ఇంకేమీ అడగాలనిపించలేదు.

మా చిన్నమ్మాయి జైసల్మేర్‌లో కాపురముంటోంది. అల్లుడికి అక్కడ గాలిమరల కంపెనీలో ఉద్యోగం. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మా ఆనవాయితీ. ఏడో నెలలో తీసుకొచ్చేద్దామని అన్నీ అమర్చుకున్నాక, బీపీ ఉంది, అంత దూరం రైలు ప్రయాణం వద్దని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పేసింది. నెలాఖరుకి పురుడని లెక్కవేసి, పండగ వెళ్ళగానే మేమే వెళ్ళేలా టిక్కెట్లు తీసుకున్నాం. పిల్ల ఆ లెక్కకి ఆగలేదు, ముందే వచ్చేసింది. సంక్రాంతి రద్దీలో ఇంకే బండికీ టిక్కెట్టు దొరకలేదు. అక్కడ అల్లుడొక్కడే ఉన్నాడు. వియ్యపురాలికి నడుం నొప్పి, కదల్లేని పరిస్థితి. పండగ నాలుగు రోజులూ అరిసెలు వండుతూనే ఉన్నాను కానీ మనసంతా అక్కడే ఉంది.

సామాను చూసి బెర్తు కింద చోటు చాలదేమోనని మావారు కంగారుపడ్డారు. బాలింత కోసం కాయం సీసా, శొంఠి, పిప్పళ్ళు, పాత బెల్లం, గానుగాడించిన నువ్వులనూనె, వెల్లుల్లి, కందిపొడి. పిల్లకి ఆముదం, సాంబ్రాణి, నలుగుపిండి. రథసప్తమి అక్కడే వస్తుంది కాబట్టి తడిగుడ్డలో చుట్టిన చిక్కుడుకాయలు. ఎండుచేపలు మాత్రం తేవద్దంది అమ్మాయి. ఎదురింటివాళ్ళు శాకాహారులు, ఆ వాసన వాళ్ళకి పడదట. వాళ్ళ గురించి అంతగా ఆలోచిస్తోందంటే వాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారనుకున్నాను.

అన్నిటికంటే జాగ్రత్తగా పట్టుకొచ్చినది పొత్తిగుడ్డల మూట. మావారు స్కూల్లో పనిచేసినన్నాళ్ళూ కట్టిన పొందూరు పంచెల్ని చించి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి మడతలు పెట్టాను. పొందూరులో పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ సన్నపళ్ళతో దువ్వితే గింజకి అంటుకున్న నలక కూడా పోతుంది. తర్వాతే వడకడం. అలా నేసిన గుడ్డ ఏళ్ళ తరబడి ఉతికిన కొద్దీ ఎంత మెత్తనవుతుందో పట్టుకుంటేగాని తెలియదు. పురిటిబిడ్డ ఒంటికి ఆనవలసింది అలాంటి గుడ్డే. కొన్న డైపర్ల మీద నాకు కోపం లేదు, నమ్మకం లేదంతే.

పార్వతీపురం దాటాక కొండలు మొదలయ్యాయి. రాయగడ దగ్గర నాగావళి కనిపించింది. మా పుట్టింటివాళ్ళది శ్రీకాకుళం. ఆ ఏటి ఒడ్డునే పెరిగినదాన్ని కాబట్టి కిటికీలోంచే చెయ్యెత్తి దండం పెట్టుకున్నాను. ఇటువైపు మళ్ళీ మన ఏరు కనిపించదు.

ఆదివారం

నాగపూరు, భోపాలు, ఝాన్సీ. చదునైన నేల, గోధుమ చేలు. మధ్యాహ్నం అమ్మాయి ఫోను చేసింది. పదకొండోనాటి పురిటిస్నానం ఎదురింటి ముసలావిడే దగ్గరుండి చేయించిందట. ఒళ్ళంతా నూనె పట్టించి, వేన్నీళ్ళు పోసి, వాము పొగ వేసిందట. "మాసా చేసింది అచ్చం నువ్వు చెప్పినట్టే ఉందమ్మా" అంది. మాసా అంటే ఆ ప్రాంతంలో అమ్మని గౌరవంగా పిలిచే పిలుపు. ఫోను పెట్టేశాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నేను చెయ్యవలసిన పని ఇంకో తల్లి చేసిందని ఒకవైపు బాధ, చేసే తల్లి దొరికిందని ఒకవైపు ఊరట.

సోమవారం

ఢిల్లీలో మా వీధివాళ్ళ అబ్బాయి ఇంట్లో రాత్రి పడుకుని, మర్నాడు సాయంత్రం జైసల్మేర్ బండి ఎక్కాం. విపరీతమైన చలి. ఎడారి అంటే ఎండ అనుకుని బయల్దేరాను, అమ్మాయి మరీ మరీ చెప్పబట్టి దుప్పట్లు తెచ్చుకున్నాం.

మంగళవారం

తెల్లవారేసరికి జోధ్‌పూర్ దాటిపోయాం. కిటికీ అద్దానికి లోపలివైపు కూడా సన్నటి ధూళి పేరుకుంది. బయట నేల పసుపచ్చగా, పొదలు పొదలుగా. మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి గొడుగు విప్పినట్టున్న చెట్టు. ఫలోదీ దగ్గర ఆకాశంలో పక్షుల బారులు కనిపించాయి. కుర్జాలని ఎదుటి సీటాయన చెప్పాడు. మంగోలియా, మధ్య ఆసియా వైపు నుంచి చలికాలానికి ఇక్కడికి వస్తాయట. పక్కనే ఖీచన్ అనే ఊళ్ళో వాటికోసం ఆవరణ కట్టి రోజూ గింజలు చల్లుతారట. టెక్కలి దగ్గర తేలినీలాపురం గుర్తొచ్చింది. అక్కడ చింతచెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతుల్నీ, ఎర్రకాళ్ళ కొంగల్నీ ఊళ్ళోవాళ్ళు పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు, రాయి విసరనివ్వరు. ఆ మాట మావారు తన హిందీలో చెబితే ఆయన ఎంత సంతోషపడ్డాడో!

పోఖ్రాన్ రాగానే 1974, 1998 అణుపరీక్షల గురించి మావారు పాఠం మొదలుపెట్టారు. వినలేదు. ఇంకెంత దూరమన్నదొక్కటే నా ధ్యాస.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. అమ్మాయి గుమ్మంలోకొచ్చి "వచ్చీసేవా అమ్మా!" అంది. "ఓలమ్మా, ఎంత సిక్కిపోయావే తల్లీ" అన్నాను. కాళ్ళు కడుక్కుని, బట్టలు మార్చుకుని, అప్పుడు పిల్లని చేతుల్లోకి తీసుకున్నాను. నుదురు మా అత్తగారిది. చెవులు వాళ్ళ నాన్నవి. పిడికిట్లో నా చూపుడువేలు పెడితే బిగించి పట్టేసింది, వదల్లేదు. మావారు పక్కన నిలబడి "నాకియ్యవా, నాకియ్యవా" అంటూనే ఉన్నారు.

సాయంత్రం ఎదురింటి మాసా వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, మోచేతుల దాకా గాజులు. "ఖమ్మా ఘణీ" అని చేతులు జోడించింది. నేను ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నాను. నాకు హిందీ రాదు, ఆవిడకి తెలుగు రాదు. పిల్లని చూపించి, ఆవిడ వైపు చూపించి, నా గుండె మీద చెయ్యి వేసుకున్నాను. ఆవిడకి అర్థమైంది. ఇంటికెళ్ళి డబ్బా నిండా గోంద్ లడ్డూలు తెచ్చింది. తుమ్మబంక నేతిలో వేయించి, శొంఠి, బెల్లం కలిపి కట్టిన ఉండలు. కొరికితే శొంఠి ఘాటు ముక్కుకెక్కింది. నేను కాయం సీసా మూత తీసి వాసన చూపించాను. తల ఊపి, నాకేసి చూసి నవ్వింది.

బుధవారం

ఈ రోజు నా చేత్తో పిల్లకి నీళ్ళు పోశాను. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నువ్వులనూనె గోరువెచ్చగా కాచి వీపుకి, తొడలకి, అరికాళ్ళకి మర్దన చేశాను. తిప్పి ముక్కు, గడ్డం సాగదీశాను. మాడుకి ఆముదం అద్దాను. పెసరపిండి నలుగు. అమ్మాయి చెంబుతో నీళ్ళు అందిస్తోంది. మాసా వచ్చి నా కాళ్ళ కింద ఒక వెడల్పాటి పళ్ళెం తోసింది. ఎందుకో తెలియలేదు. స్నానం అయ్యాక ఆ పళ్ళెంలో చేరిన నీళ్ళు బొట్టు పోకుండా ఎత్తి, పెరట్లో వేపమొక్క మొదట్లో పోసింది.

అప్పటినించి మాసా ఇంట్లో నీళ్ళు వాడే తీరంతా గమనిస్తూ ఉండిపోయాను. బియ్యం కడుగు ఆవుకి. కూరలు కడిగిన నీళ్ళు తులసికి. గిన్నెలు ముందు బూడిదతో తోమి, తుడిచి, తర్వాతే కడుగుతారు. ఇప్పుడు ఊరికి కాలువ నీళ్ళు వస్తున్నాయి, కుళాయి ఉంది. పంజాబులో సట్లెజ్, బియాస్ నదులు కలిసే హరికే దగ్గర మొదలయ్యే ఇందిరాగాంధీ కాలువ అది. 1958లో పని మొదలుపెట్టారని, ఆరువందల కిలోమీటర్లకు పైగా పారి ఈ ఎడారిలోకి వస్తుందని మావారు చెప్పారు. అది రాకముందు ఈ మాసా కొత్తకోడలిగా తల మీద రెండు కుండలు పెట్టుకుని తెల్లవారుజామునే నడిచిన మనిషి. జైసల్మేర్‌లో ఏడాది మొత్తం కురిసే వాన రెండు వందల మిల్లీమీటర్లకి లోపే. మన దగ్గర వెయ్యి దాటుతుంది. అయినా వేసవి రాగానే మా వీధిలో కుళాయిల దగ్గర బిందెలతో తగువులే. నీటి విలువ తెలిసిన చేతులు ఎలా ఉంటాయో నేను ఈ ఊళ్ళోనే చూశాను.

సాయంత్రం పిల్లకి నా సాంబ్రాణి, మాసా వాము, రెండూ ఒకే కుంపటిలో వేశాం.

గురువారం

మధ్యాహ్నం మాసా ఇంటి నుంచి గంటె రొట్టెలు, ఒక కూర వచ్చాయి. సజ్జల్ని మా వైపు గంటెలంటాం. కూరలో సన్నటి, పొడుగాటి ఎండుకాయలు, గుండ్రటి చిన్న పళ్ళు. కేర్ సాంగ్రీ అంది అమ్మాయి. ఆమ్‌చూర్ పులుపు, మిరపకారం, నూనె బాగా పట్టి నోటికి చాలా బాగుంది. సాంగ్రీ అంటే ఏ చెట్టు కాయ అని అడిగితే అల్లుడు డాబా మీదకి తీసుకెళ్ళి చూపించాడు. "అదిగో అత్తయ్యా, ఖేజ్రీ. రైల్లోంచి దారంతా చూసుంటారు."

కిందికి దిగి ఆ చెట్టు దాకా నడిచాను. కొమ్మ వంచి ఆకు పట్టుకున్నాను. జమ్మి! మా ఊళ్ళో విజయదశమి నాడు ఎక్కడో ఒక్క చెట్టు ఉంటే, ఊరంతా దాని చుట్టూ మూగి, "శమీ శమయతే పాపం" అని కాగితం మీద రాసి కొమ్మకి కడతాం. ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకి దండం పెడతాం. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు. ఇక్కడ చూసిన చోటల్లా అదే! చేల మధ్య, గట్ల మీద, ఇళ్ళ వెనక. చేలో మొలిచినా రైతులు కొట్టరు. దాని వేళ్ళు ఎంతో లోతుకి పోతాయి కాబట్టి పైపంటకి పోటీ రాదు. ఆకు మేకలకి, ఒంటెలకి మేత. లేతకాయ వేసవిలో కోసి ఎండబెట్టుకుంటే ఏడాదంతా కూర. కరువొస్తే మనుషుల్ని బతికించేది అదేనట.

1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ అనే ఊళ్ళో, రాజు మనుషులు ఈ చెట్లు కొట్టడానికొస్తే, అమృతాదేవి అనే బిష్ణోయి స్త్రీ చెట్టుని వాటేసుకుని ప్రాణమిచ్చింది. ఆవిడతో కలిపి మొత్తం 363 మంది. మావారు చెట్టు నీడలో నిలబడి ఈ కథ చెబుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. నాకు దసరా నాటి ఒక్క పూట చెట్టు. వీళ్ళకి ప్రాణం పెట్టిన చెట్టు. పరాయి నేలలో పుట్టిందని మా పిల్ల గురించి రైల్లో వచ్చేటప్పుడంతా దిగులు పడ్డాను. జమ్మి నీడన పుట్టినదాన్ని గురించి దిగులెందుకు?

శనివారం

పిల్ల నిద్రపోయే వేళ చూసుకుని కోటకి తీసుకెళ్ళాడు అల్లుడు. 1156లో రావల్ జైసల్ కట్టిన కోట, పసుపురాతిది, 99 బురుజులు. లోపల ఇప్పటికీ సంసారాలున్నాయి, బట్టలు ఆరేసుకుంటారు, పిల్లలు బడికి పోతారు. మన విజయనగరం కోట 1713 నాటిది, అందులో కాలేజీలు నడుస్తాయి కానీ రాత్రి దీపం పెట్టే ఇల్లుండదు. ఇక్కడ లక్ష్మీనాథుడి గుడి మెట్ల మీద ఒక బాలింత పిల్లని ఒళ్ళో వేసుకుని ఎండలో కూర్చుంది. కోటంతటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆవిడే.

గడీసర్ చెరువు గట్టున కాసేపు కూర్చున్నాం. పధ్నాలుగో శతాబ్దంలో తవ్వించినది, చాలాకాలం ఊరందరికీ తాగునీరు అదే. ఇసకతిన్నెలు చూడ్డానికి మావారు, అల్లుడు సామ్ వెళ్ళొచ్చారు. నేను వెళ్ళలేదు, పిల్ల దగ్గర ఉండడమే నాకిష్టం.

ఆదివారం

రథసప్తమి ఈసారి ఆదివారమే పడింది, అంతకంటే ఏం కావాలి! అరసవల్లిలో అర్ధరాత్రి నుంచే జనం బారులు తీరి ఉంటారు. చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూర్చుని వెళ్ళేదాన్ని. మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు తొలికిరణాలు స్వామి పాదాల మీద పడే గుడి అది.

ఇక్కడ జిల్లేడాకులు ఎలా దొరుకుతాయోనని రెండు రోజుల ముందు అడిగితే అమ్మాయి నవ్వి కిటికీ తెరిచింది. గోడ వారంతా జిల్లేడే. వీళ్ళు ఆక్ అంటారు. రేగుపళ్ళు సంతలో రాశులు పోసి అమ్ముతున్నారు. జమ్మి, జిల్లేడు, రేగు. మన పూజకి కావలసినవన్నీ ఈ ఇసకలో వాటంతటవే పెరుగుతున్నాయి.

మా అన్నయ్య శ్రీకాకుళం నుంచి ఫోను చేసి "సూర్యుడొచ్చేశాడు, తానాలైపోయాయి" అన్నాడు. ఇక్కడ ఇంకా చీకటి. దేశానికి ఆ చివర మేము, ఈ చివర వీళ్ళు. మా ఊళ్ళో పొడిచిన దాదాపు గంటకి సూర్యుడు ఇక్కడికొస్తాడు. ఏడు ఆకులు తల మీద, భుజాల మీద, మోకాళ్ళ మీద, పాదాల మీద పెట్టుకుని, రేగుపండుతో తలస్నానం చేశాం. పళ్ళెం కింద పెట్టుకునే! చిక్కుడుకాయలకి చీపురుపుల్లలు గుచ్చి రథం కట్టాను. మాసా పిడకలు ఇచ్చింది. డాబా మీద ఇటుకలు పేర్చి, పాలు పొంగించి, కొత్తబియ్యం వేశాను. సరిగ్గా పాలు పొంగే వేళకి ఎర్రగా పైకొచ్చాడు. పిల్లని పొందూరు గుడ్డలో చుట్టి తెచ్చి చూపించాం. మావారు ఆదిత్యహృదయం చదువుతుంటే మాసా, ఆవిడ కోడలు, మనవలు అందరూ చేతులు జోడించి నిలబడ్డారు. సూర్యుడు అందరికీ ఒక్కడే కదా, ఎవరూ ఎవరికీ ఏమీ వివరించవలసిన పని లేకపోయింది. పరమాన్నం గిన్నె నిమిషంలో ఖాళీ అయింది.

బుధవారం

ఇరవయ్యొకటో రోజు, బారసాల. మన పద్ధతిలో ఆ రోజు బాలింతచేత నూతికి పసుపు కుంకుమ పెట్టించి, చేద వేయించాలి. ఇక్కడ నుయ్యి ఎక్కడిదని నేను మథనపడుతుంటే అమ్మాయి మాసాతో చెప్పింది. ఆవిడ చాలా మామూలుగా, "జల్వా చెయ్యాలి కదా, నేనే అడుగుదామనుకుంటున్నాను" అందట. వీళ్ళకీ ఉంది! బాలింత నీళ్ళకి పూజ చేసి, తోడి తెచ్చుకుంటేగాని ఇంటి పనుల్లో చెయ్యి పెట్టదు. ఆ రోజు పుట్టింటివాళ్ళు తెచ్చిన పసుపురంగు ఓణీ కప్పుకోవాలి, దాన్ని పీలియా అంటారు. "మీ అమ్మ తెచ్చిందా?" అని అడిగింది. పెట్టె తెరిచి, ఎర్రంచు పసుపుచీర తీసి చూపించాను. మాసా దాన్ని కళ్ళకద్దుకుంది.

వాళ్ళ ముంగిట్లో టాంకా ఉంది. నేల కింద గచ్చు చేసి కట్టిన వాననీటి తొట్టి. డాబా మీద పడిన వానంతా దాంట్లోకి చేరుతుంది. నిరుడు శ్రావణంలో కురిసిన నీళ్ళు ఇంకా ఉన్నాయి. వాటిని ఊరికే తోడరు, పూజకీ తాగడానికీ మాత్రమే. ఆ మూత దగ్గర ముగ్గు పెట్టాను. మాసా గోడకి కుంకుమతో స్వస్తికం వేసింది. నేను నానబెట్టిన శనగలు, తాంబూలం. ఆవిడ గంటెలు, బెల్లం. అమ్మాయి పసుపుచీర కొంగు తలమీద కప్పుకుని తాడు పట్టుకుంది. చేద కిందికి దిగింది. వీధిలో ఆడవాళ్ళు వాళ్ళ పాట ఎత్తుకున్నారు, నేను మా అమ్మ పాడిన మంగళహారతి ఎత్తుకున్నాను. చేద నిండా నీళ్ళు, అడుగు కనిపించేంత తేటగా పైకొచ్చాయి. మాసా ఒక దోసెడు తీసుకుని అమ్మాయి తలమీద చిలకరించింది.

ఆవిడ అంత అపురూపంగా దాచుకున్న నీళ్ళు! మా పిల్ల కోసం మూత తెరిచింది. ఇంతకంటే పెద్ద కానుక మా పిల్లకి ఎవరివ్వగలరు?

మా వీధిలో ఇప్పుడు బారసాలలకి కుళాయికి పసుపు రాసి కానిచ్చేస్తున్నారు. మా పెరట్లో నుయ్యి ఉంది. దాని మీద ఇనుప జల్లెడ వేసి, పక్కన మోటారు పెట్టి, అందులోకి తొంగిచూసి ఎన్నేళ్ళయిందో.

ఉయ్యాలలో వేసి పేరు పెట్టాం. పైడితల్లమ్మ పేరు కలిసొచ్చేలాగే పెట్టుకున్నాం. మాసా ఆ పేరు పలకడం నేర్చుకుంది.

శుక్రవారం

మావారు ఈ సాయంత్రం బండికి వెళ్ళిపోతున్నారు. నేను ఉండిపోతున్నాను. ఉగాదిలోపు, ఎండలు ముదరకముందే అమ్మాయినీ పిల్లనీ తీసుకుని వస్తాం. అప్పటికి ప్రయాణం చెయ్యవచ్చని డాక్టరమ్మ చెప్పింది. మాసా కూడా వస్తానంది. సముద్రం చూడలేదట ఎప్పుడూ. భీమిలి తీసుకెళ్తానని మాటిచ్చాను. మూటలో సాంగ్రీ కట్టి ఇచ్చింది, రాత్రంతా నానబెట్టి ఉడికించమని. ఆవపెట్టి వండుకొమ్మని మావారికి చెప్పాను, పనసపొట్టుకి పెట్టినట్టే పెట్టొచ్చు.

ఆయనకి పనులు రాసి ఇచ్చాను. సమతా ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తులు చూసి టిక్కెట్లు తియ్యడం. అటక మీద ఉయ్యాల గొలుసులు దించి చింతపండుతో తోమించడం. నర్సరీలో జమ్మిమొక్క దొరికితే తెచ్చి పెరటి గోడవార నాటడం. అన్నిటికంటే ముందు నూతి మీద ఆ ఇనుప జల్లెడ తీయించి, మనుషుల్ని దింపి పూడిక తీయించడం. "మోటారుంది కదా, ఇప్పుడెందుకే?" అన్నారు. వచ్చే వేసవిలో పిల్ల అక్కడే ఉంటుంది, వాళ్ళమ్మ ఆ నూతిలో కూడా ఒక చేద వెయ్యాలి అన్నాను. సరేనని ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.